గడప లోపలి సేవకు తనిఖీ

ఇంగ్లండ్‌లో ఏదో ఒక చిన్న పట్టణం అనుకుందాం. బజారులో ఒక కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. నాలుగు బల్లలు, ఆగకుండా మోగే ఫోన్లు, గోడ మీద ఆ వారం ఎవరు ఎవరింటికి వెళ్లాలో రాసిన రోటా. హోమ్ కేర్ ఏజెన్సీ అంటే బయటికి కనిపించేది చాలాచోట్ల ఇంతే. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కు అక్కడ మంచాలుండవు, రోగులుండరు, వంటిల్లుండదు. ఆసుపత్రిలో అయితే వార్డులో అడుగు పెట్టగానే వాసనే సగం సంగతి చెబుతుంది. వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం భోజనాల వేళ ఓ మూల నిలబడితే చాలా విషయాలు తెలిసిపోతాయి. హోమ్ కేర్‌లో ఆ వీలు లేదు. అసలు సేవ జరిగేది ఊరంతా చెదిరి ఉన్న ఇళ్లలో, మూసిన తలుపుల వెనుక, ఒక పెద్దావిడా ఆమెను చూసుకోవడానికి వచ్చే కేరరూ తప్ప మూడో మనిషి లేని గదిలో. కంటికి కనబడని ఈ పని బాగా జరుగుతోందో లేదో తేల్చడానికి ఇంగ్లండ్ ఒక పెద్ద యంత్రాంగాన్నే పెట్టుకుంది. అది ఎక్కడ పని చేసింది, ఎక్కడ చతికిలబడింది అన్నది మన ఇళ్లకూ పనికొచ్చే కథ.

ఆ యంత్రాంగం పేరు కేర్ క్వాలిటీ కమిషన్. అక్కడి జనం సీక్యూసీ అంటారు. 2008లో చేసిన చట్టం కింద, అప్పటిదాకా విడివిడిగా ఉన్న మూడు సంస్థల పనిని కలిపి 2009 ఏప్రిల్‌లో దీన్ని మొదలుపెట్టారు. ఆసుపత్రులు, పళ్ల డాక్టర్లు, వృద్ధాశ్రమాలు, హోమ్ కేర్ ఏజెన్సీలు అన్నీ దీని పరిధిలోకే వస్తాయి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేరే సంస్థలున్నాయి. స్కాట్లండ్‌లో ఒకటి నుంచి ఆరు దాకా మార్కులు వేస్తారు.

హోమ్ కేర్ విషయంలో చట్టం ఒక గీత గీసింది. ఇంటికొచ్చి కాసేపు కబుర్లు చెప్పి వెళ్లేవాళ్లకు, సరుకులు తెచ్చిపెట్టేవాళ్లకు, గదులు ఊడ్చేవాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, అన్నం తినిపించడం లాంటి పనులకు మనుషుల్ని పంపే సంస్థ మాత్రం రిజిస్టర్ కావాల్సిందే. కాకుండా నడిపితే నేరం. ఇంకొకరి ఒంటి మీద చెయ్యి వేసే పని దగ్గర చట్టం మేలుకోవడం సబబే.

2014 నుంచి సీక్యూసీ ప్రతి సంస్థనూ ఐదు ప్రశ్నలతో కొలుస్తోంది. ఇక్కడ మనిషికి భద్రత ఉందా? సేవ వల్ల ఫలితం ఉందా? చూసేవాళ్లలో ఆప్యాయత ఉందా? ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకు చేస్తున్నారా? నడిపేవాళ్లకు నడపడం వచ్చా? వీటిని బట్టి నాలుగు గ్రేడులు: అత్యుత్తమం, బాగుంది, మెరుగుపడాలి, ఏమాత్రం చాలదు. చివరి గ్రేడు పడితే ప్రత్యేక నిఘా మొదలవుతుంది. అప్పటికీ దారికి రాకపోతే రిజిస్ట్రేషనే రద్దు చేయొచ్చు. 2015 ఏప్రిల్ నుంచి ఆ గ్రేడును ఆఫీసులోనూ వెబ్‌సైట్‌లోనూ అందరికీ కనబడేలా పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. వృద్ధుల, వికలాంగుల సంరక్షణ విభాగానికి తొలి చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా 2013లో నియమితురాలైన ఆండ్రియా సట్‌క్లిఫ్ తన ఇన్‌స్పెక్టర్లకు ఇంకా తేలికైన కొలబద్ద ఒకటి ఇచ్చారు. మీ అమ్మకైతే ఈ సేవ చాలనిపిస్తుందా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి అన్నారు. దానికి ‘మమ్ టెస్ట్’ అనే పేరు నిలిచిపోయింది. ఐదు ప్రశ్నలు, వాటి కింద డజన్ల కొద్దీ ఉపప్రశ్నలు ఉన్న వ్యవస్థలో జనానికి గుర్తున్నది ఈ ఒక్కటే కావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక తనిఖీ ఎలా సాగుతుందో చూద్దాం. వృద్ధాశ్రమాలకు సాధారణంగా చెప్పకుండా వెళ్తారు. హోమ్ కేర్ ఏజెన్సీకి మాత్రం ఒకటి రెండు రోజుల ముందు కబురు పెట్టడం మామూలు. మేనేజరే ఏ కేరరో రాక ఎవరింటికో వెళ్లి ఉంటే ఆఫీసు తాళం చూసి వెనక్కి రావాలి కదా. ఆ రెండు రోజుల్లో ఫైళ్లు సర్దుకోరా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. సర్దుకుంటారు. కానీ ఆర్నెల్ల కాగితాలు రెండు రాత్రుల్లో అతికేలా మార్చడం అంత తేలిక కాదు, ఎక్కడో ఒకచోట దొరికిపోతారు.

ముందుగా చూసేది ఉద్యోగుల ఫైళ్లు. నేరచరిత్ర తనిఖీ అయ్యిందా, పాత యజమానుల నుంచి ఉత్తరాలున్నాయా, ఉద్యోగ చరిత్రలో ఖాళీలుంటే వాటికి కారణం రాశారా. రెండేళ్లు ఏం చేసిందో చెప్పని మనిషిని మంచాన పడ్డవాళ్ల దగ్గరికి ఒంటరిగా పంపకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. తర్వాత శిక్షణ. 2015 నుంచి కొత్త కేరర్లకు ‘కేర్ సర్టిఫికెట్’ అనే ప్రాథమిక శిక్షణ ఉంది. మనిషిని మంచం మీది నుంచి ఎలా లేపాలి, మింగడం కష్టమైనవాళ్లకు ఏ చిక్కదనంలో పానీయం ఇవ్వాలి, వేధింపు జరుగుతోందని అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి లాంటివన్నీ కేరర్‌కు తెలిసి ఉండాలి.

ఆ తర్వాత కేర్ ప్లాన్. ఈ మనిషికి ఏం చేయాలి, ఎలా చేయాలి అన్నది అందులో ఉండాలి. ఇన్‌స్పెక్టర్ దీన్ని చదివేటప్పుడు చిన్న చిన్న విషయాలే వెతుకుతాడు. ఉదాహరణకు చర్మం పొడిబారినవాళ్లకు రాసే క్రీములు బట్టలకూ దుప్పట్లకూ అంటి ఇంకిపోతే, సిగరెట్ నిప్పురవ్వ పడ్డా అవి భగ్గున అంటుకుంటాయి. 2018లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆ ఇంట్లో పెద్దాయన మంచం మీదే సిగరెట్ తాగుతాడని ప్లాన్‌లో ఒక పేజీలో ఉండి, ఒంటికి క్రీమ్ రాయాలని ఇంకో పేజీలో ఉండి, ఈ రెండింటినీ ఎవరూ కలిపి చూడకపోతే ఆ ప్లాన్ ఎంత అందంగా టైపు చేసినా దండగే.

మందుల చార్టు ఇంకో గని. కేరర్ మందు ఇచ్చిన ప్రతిసారీ పొడి అక్షరాలు వేయాలి. ఖాళీ గడి కనబడితే రెండు అర్థాలు: మందు ఇవ్వలేదు, లేదా ఇచ్చి రాయలేదు. ఏది నిజమో ఆఫీసులో ఎవరికీ తెలియకపోతే అది మూడో తప్పు. పారాసెటమాల్‌నే చూడండి, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. పొద్దున్న రావాల్సిన మనిషి ఆలస్యంగా పదింటికి వచ్చి, మధ్యాహ్నం మనిషి తొందరగా పన్నెండున్నరకే వస్తే చార్టులో సంతకాలు రెండూ చక్కగా ఉంటాయి, ఎడం మాత్రం ఉండదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకైతే మందు వేళ తప్పితే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి మంచం దిగలేని పరిస్థితి వస్తుంది. మంచి ఇన్‌స్పెక్టర్ చార్టును విడిగా చూడడు. పక్కనే రాకపోకల పట్టిక పెట్టుకుని చూస్తాడు.

అసలు గుట్టంతా గడియారంలోనే ఉంది. రోటాలో ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా ఒకరింట్లో, ఎనిమిదిన్నరకే మూడు మైళ్ల అవతల ఇంకొకరింట్లో అని రాసి ఉంటే, ఆ మధ్య దారి ఎవరి లెక్కలోకి పోయింది? కేరర్‌కు రెక్కలు లేవు కాబట్టి ఆ పది నిమిషాలూ ఎవరో ఒక ముసలివారి స్నానంలోంచి కోసినవే. ఇప్పుడు చాలా ఏజెన్సీల్లో కేరర్ ఇంట్లోకి అడుగు పెట్టగానే, బయటికి వెళ్లేటప్పుడు ఫోన్‌తో నమోదు చేయాలి. అరగంట రాకకు డబ్బు తీసుకుని పదకొండు నిమిషాలే ఉన్నట్టు ఆ నమోదే చెప్పేస్తుంది. అదే మాట ముసలావిడ చెబితే మతిమరుపు అని కొట్టిపారేసే ఆస్కారం ఉంది, యంత్రం చెబితే లేదు.

ఇందులో తప్పంతా ఏజెన్సీదే అనడం న్యాయం కాదు. అక్కడ హోమ్ కేర్‌లో పెద్ద కొనుగోలుదారులు స్థానిక కౌన్సిళ్లు. 1990ల నుంచి అవి సొంతంగా మనుషుల్ని పెట్టుకోవడం తగ్గించి ప్రైవేటు ఏజెన్సీల దగ్గర గంటలు, నిమిషాలు కొనడం మొదలుపెట్టాయి. బడ్జెట్ బిగిసినకొద్దీ గంట అరగంటయింది, అరగంట పావుగంటయింది. పావుగంటలో లేపి, శుభ్రం చేసి, బట్టలు మార్చి, టీ చేతికిచ్చి, చార్టు నింపి వెళ్లాలి. సమానత్వ, మానవ హక్కుల కమిషన్ 2011లో వృద్ధుల హోమ్ కేర్ మీద విచారణ జరిపి, బాగా చూసుకుంటున్న ఇళ్లతో పాటు అన్నం తినిపించే తీరిక లేక ప్లేటు పక్కన పెట్టి వెళ్లిపోయిన ఇళ్లనూ, పొద్దుండగానే పక్క ఎక్కించేసిన ఇళ్లనూ బయటపెట్టింది. 2015 సెప్టెంబర్‌లో నైస్ అనే జాతీయ సంస్థ మార్గదర్శకం ఇస్తూ, అరగంట కంటే తక్కువ రాకలు కొన్ని ప్రత్యేక సందర్భాల్లోనే ఉండాలంది: వచ్చే మనిషి ముందే పరిచయమై ఉండాలి, పని కూడా మందు ఇచ్చారా లేదా చూసి వెళ్లడం లాంటి చిన్నదై ఉండాలి. అది మార్గదర్శకమే, చట్టం కాదు. సీక్యూసీ ఏజెన్సీకి గ్రేడు వేస్తుంది. పావుగంట లెక్కన డబ్బిచ్చే కౌన్సిల్‌కు మాత్రం చాలా ఏళ్లపాటు ఏ గ్రేడూ లేదు. ఈ అసమానతను ఎవరూ ఎత్తి చూపకుండా ఉండలేరు.

కాగితాలూ గడియారమూ అయ్యాక మిగిలేది మనుషుల మాట. సేవ అందుకుంటున్నవాళ్లకు ఫోన్ చేస్తారు. ఈ పనికి ‘ఎక్స్‌పర్ట్స్ బై ఎక్స్‌పీరియన్స్’ అని కొందరుంటారు. తామే అలాంటి సేవ పొందినవాళ్లు, లేదా ఇంట్లో తల్లినో భర్తనో చూసుకున్నవాళ్లు. ఒప్పుకుంటే ఇంటికీ వెళ్తారు. ఒప్పుకోకపోతే ఇన్‌స్పెక్టర్ అయినా గడప దాటకూడదు, అది వాళ్ల సొంత ఇల్లు. ఫోన్‌లో పెద్దవాళ్లు చెప్పేది అర్థం చేసుకోవడం ఒక విద్య. పిల్ల మంచిదే, పాపం తీరిక ఉండదు అంటారు. ఆ ఒక్క మాటలో రోటా కథంతా ఉంది. ఫిర్యాదు చేస్తే వచ్చే ఆ ఒక్కరూ రావడం మానేస్తారేమోనన్న భయం ప్రతి దేశంలోనూ ముసలితనానికి ఉన్నదే. అందుకే బాగున్నారా అని అడిగే ఇన్‌స్పెక్టర్‌కు ఏమీ దొరకదు. నిన్న ఎన్నింటికి వచ్చారు, ఈ వారం ఎంతమంది వేరు వేరు మనుషులు వచ్చారు, రాలేని రోజు ముందుగా ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగేవాడికి దొరుకుతుంది.

ఇంత జాగ్రత్త మధ్య కూడా మనిషి జారిపోయిన ఉదంతాలున్నాయి. 2013 జనవరిలో సర్రే ప్రాంతంలో 81 ఏళ్ల ఒక మహిళకు రోజూ మనుషుల్ని పంపే ఏజెన్సీ మీద వలస అధికారులు దాడి చేశారు, ఏజెన్సీ మూతపడింది. అక్కడి కౌన్సిల్‌కు కబురు అందింది. అయినా ఆమె ఇంటికి ఎవరినీ పంపలేదు. తిండీ నీళ్లూ మందులూ లేకుండా తొమ్మిది రోజులు గడిచాక, ఇంటింటికీ తిరిగే నర్సు ఒకామె తలుపు తీసి చూసింది. కొద్ది రోజులకే ఆ పెద్దావిడ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఏజెన్సీ రేపు ఉంటుందా అన్నది కూడా నాణ్యతలో భాగమేనని ఆ చావు చెప్పింది. తర్వాత చట్టం మారింది. 2015 నుంచి పెద్ద సంస్థల ఆర్థిక స్థితి మీద కూడా సీక్యూసీ కన్నేసి ఉంచుతోంది. 2018 నవంబర్‌లో అలైడ్ హెల్త్‌కేర్ అనే పెద్ద హోమ్ కేర్ సంస్థ దివాలా అంచున ఉందని 84 కౌన్సిళ్లకు ముందస్తు హెచ్చరిక వెళ్లింది. సుమారు 9,300 మంది దాని సేవ మీద ఆధారపడి ఉన్నారు. ఆ తర్వాత ఆ సంస్థ చేతులు మారింది.

తనిఖీ చేసేవాళ్లనే తనిఖీ చేయాల్సి వచ్చిన ఘట్టాలూ లేకపోలేదు. 2011లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో మానసిక వైకల్యం ఉన్నవాళ్లను సిబ్బంది కొడుతున్న దృశ్యాలను బీబీసీ పనోరమా రహస్య కెమెరాతో తీసి చూపించింది. అక్కడ పని చేసిన నర్సు ఒకరు అంతకుముందే సీక్యూసీకి ఫిర్యాదు చేశారు, పట్టించుకోలేదు. పదకొండు మందికి శిక్ష పడింది, వాళ్లలో ఆరుగురు జైలుకు వెళ్లారు. అది హోమ్ కేర్ కాదు, కానీ ఆ తర్వాత వచ్చిన ఐదు ప్రశ్నల పద్ధతి వెనుక ఆ అవమానం ఉంది.

రెండో ఘట్టం నిన్నమొన్నటిది. 2023 నవంబర్‌లో సీక్యూసీ కొత్త మదింపు పద్ధతి, కొత్త కంప్యూటర్ వ్యవస్థ తెచ్చుకుని వాటిలోనే కూరుకుపోయింది. ప్రభుత్వం డాక్టర్ పెన్నీ డాష్‌ను సమీక్షకు నియమించింది. 2024 జులైలో వచ్చిన ఆమె మధ్యంతర నివేదికలో ఉన్న సంగతులు దిమ్మ తిరిగేలా ఉన్నాయి. కోవిడ్‌కు ముందు ఏడాదికి 15 వేలు దాటిన తనిఖీలు 2023-24లో ఏడు వేల చుట్టుపక్కలకు పడిపోయాయి. సీక్యూసీ పరిధిలోని చోట్లలో ఐదింట ఒకదానికి అసలు గ్రేడే వేయలేదు. డిమెన్షియా ఉన్న మనిషిని జీవితంలో ఒక్కసారీ కలవని ఇన్‌స్పెక్టర్ వృద్ధాశ్రమం తనిఖీకి వెళ్లినట్టు కూడా అందులో ఉంది. అప్పటి ఆరోగ్య మంత్రి వెస్ స్ట్రీటింగ్ ఈ సంస్థ దాని పనికి తగినట్టు లేదని బహిరంగంగానే అనేశారు. ‘బాగుంది’ అన్న గ్రేడు కింద ఆరేళ్ల నాటి తేదీ ఉంటే ఆ గ్రేడు ఒక చారిత్రక పత్రం మాత్రమే. అప్పటి మేనేజర్ లేరు, అప్పటి కేరర్లు లేరు, బహుశా అప్పటి పెద్దవాళ్లూ లేరు.

ఈ కథ తెలుగు ఇళ్లను నేరుగా తాకింది వీసాల దగ్గర. 2022 ఫిబ్రవరి నుంచి బ్రిటన్ కేర్ వర్కర్లకు ఆరోగ్య, సంరక్షణ వీసా ఇవ్వడం మొదలుపెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఎందరో, డిగ్రీలున్నవాళ్లు కూడా, ఏజెంట్లకు లక్షలు కట్టి వెళ్లారు. దిగాక కొందరికి చెప్పినన్ని గంటల పని లేదు, కొందరికి అసలు పనే లేదు. 2024 మార్చిలో వెలువడిన సరిహద్దుల ఇన్‌స్పెక్టర్ నివేదిక ప్రకారం, ఉనికిలోనే లేని ఒక కేర్ హోమ్ పేరిట 275 స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్లు మంజూరయ్యాయి. తమ దగ్గర నలుగురే ఉద్యోగులున్నారని చెప్పిన ఒక సంస్థకు 1,234 ఇచ్చారు. ఆ నెల 11 నుంచి ఇంగ్లండ్‌లో సీక్యూసీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలే విదేశీ కేర్ వర్కర్లను పిలిపించుకోవాలని, వాళ్లు కుటుంబాన్ని వెంట తీసుకురాకూడదని నిబంధన పెట్టారు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. తనిఖీ సంస్థ చేతిలోని ఒక రిజిస్టర్ ఎంతమంది తలరాతను మార్చిందో చూస్తే, అది ముసలివాళ్ల వ్యవహారం మాత్రమే అనుకోలేం. జీతం భయం, వీసా భయం రెండూ నెత్తిన ఉన్న కేరర్ మేనేజర్ తప్పును బయటపెట్టడం కష్టం. ఆ మౌనం చివరికి మంచం మీద ఉన్న మనిషి మీదే పడుతుంది.

మన దగ్గర సంగతి ఇంకో రకం. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే, పక్షవాతం వచ్చిన తండ్రికో తుంటి ఎముక విరిగిన తల్లికో ఏజెన్సీ నుంచి అటెండెంటును మాట్లాడుకోవడం మామూలైపోయింది. పన్నెండు గంటల డ్యూటీ, ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని రేట్లు. ఇంగ్లండ్‌లోలాగా ఈ ఏజెన్సీలను గడప దాకా వచ్చి చూసి, గ్రేడు వేసి, అందరికీ కనబడేలా పెట్టే సంస్థ రెండు రాష్ట్రాల్లోనూ లేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టానికి 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో హోమ్ కేర్ ఏజెన్సీల రిజిస్ట్రేషన్ ఊసు ఉంది. ఆ బిల్లు చట్టం కాలేదు, 2024లో ఆ లోక్‌సభతోనే మురిగిపోయింది.

ఆ లోటును చాలామంది సీసీ కెమెరాతో పూడ్చుకుంటున్నారు. డల్లాస్‌లో కూర్చుని కూకట్‌పల్లి హాల్లో నాన్న కుర్చీని చూడొచ్చు. ఇంగ్లండ్‌లో కూడా కుటుంబాలు ఇదే దారి పట్టడంతో, రహస్య కెమెరా పెట్టే ముందు ఏమేం ఆలోచించాలో సీక్యూసీ 2015లో ఒక సూచనల పత్రమే వేసింది. కెమెరాకు చేతి దెబ్బ కనబడుతుంది. స్నానాల గదిలో ఏం జరుగుతోందో కనబడదు, అక్కడ పెట్టనూ కూడదు. నీళ్లు అడిగితే విసుక్కోవడం, డైపర్ రెండు పూటలు మార్చకపోవడం, వీపు కింద పుండు మొదలవడం కెమెరాకు అందవు. పగలూ రాత్రీ అదే ఇంట్లో ఉండే పల్లెటూరి అమ్మాయికి కునుకు తీసే చోటు ఉందా లేదా అన్నదీ అందులో పడదు. ఆమెకు నిద్ర లేకపోతే అర్ధరాత్రి పెద్దాయన్ని లేపేటప్పుడు పడేసే ప్రమాదం ఉంది.

తనిఖీ సంస్థ లేనిచోట ఆ పని కుటుంబమే చేసుకోవాలి. దానికి కావాల్సిన ప్రశ్నలు పైన వచ్చినవే. మనిషిని మాట్లాడుకునేటప్పుడు రేటు కంటే ముందు, ఈమె సెలవు పెడితే ఎవరు వస్తారు, ఎన్ని గంటల్లో వస్తారు అని ఏజెన్సీని అడగండి. పోలీసు వెరిఫికేషన్ కాగితం చూపించమనండి, అయిపోయిందన్న మాటతో సరిపెట్టుకోకండి. మందులకు ఒక పట్టిక గీసి, ఇచ్చిన వేళ కూడా రాయమనండి. రోజూ ఒకే చేతిరాతలో ఒకే వాక్యం కనిపిస్తే అనుమానించండి. వారానికోసారైనా దగ్గరలో ఉన్న అన్నదమ్ములనో పక్కింటి పిన్నిగారినో చెప్పకుండా వెళ్లమనండి. వాళ్లు నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి. అటెండెంటు ఎదురుగా లేనప్పుడు అమ్మతో ఫోన్‌లో మాట్లాడి, బాగున్నావా అని కాకుండా, పొద్దున్న ఎన్నింటికి స్నానం చేయించారని అడగండి. ఎక్కడైనా తేడా కనిపించి ఎవరికి చెప్పాలో తోచకపోతే వృద్ధుల కోసం జాతీయ హెల్ప్‌లైన్ ఒకటుంది. నంబరు 14567. ఆ ఫోన్‌కు డబ్బు పడదు.